నలభై గొంతులు, మూడు మైకులు

భుజం భుజం ఆనించి ఇరవైమంది ఒక వరుస, వాళ్ల వెనక ఇరవైమంది ఇంకో వరుస. అందరూ ఒకే లయలో అడుగులేస్తూ గొంతెత్తి పాడుతున్నారు. సౌదీ అరేబియా నైరుతి మూల, అసీర్ కొండల్లో ‘ఖత్వా’ అనే ఈ ఆటపాటను దగ్గర నిలబడి వింటే ఛాతీ అదురుతుంది. అదే బృందాన్ని అభా నగరంలో ఏ వేసవి ఉత్సవం వేదికమీదో ఎక్కించి, ముందు మైకులు పెట్టి, చివరి వరుస కుర్చీలో కూర్చుని వినండి. డోలు దిట్టంగా వినిపిస్తుంది. చేతిమైకు పట్టుకుని చరణం అందించే ఒక్క గాయకుడు స్పష్టంగా వినిపిస్తాడు. మిగతా నలభైమంది మాత్రం ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టు ఉంటుంది.

మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి బృందం మైకుల మీటను కాస్త పైకి తోస్తాడు. కుయ్‌మని మోత. కిందికి లాగుతాడు. పాట మళ్లీ పక్కింట్లోకి. అప్పుడు నిర్వాహకులు చేసే పని ఒకటే: ఇంకో నాలుగు మైకులు తెచ్చి పెట్టించడం. ఈసారి మోత ఇంకా ముందే మొదలవుతుంది.

నలభై గొంతులను ఒక్క గొంతు ఎలా మింగేస్తుంది? మైకులు పెంచితే పాట పెరగాల్సిందిపోయి ఎందుకు తగ్గుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలిస్తే ఏ మైకు కొనాలన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది. మైకు కంపెనీల కేటలాగుల్లో ఈ జవాబు మొదటి పేజీలో ఉండదు. మోడల్ నంబర్లతో మొదలుపెడితేనే కదా అమ్మకం.

అభాలో సంగీతానికి ప్రసిద్ధ వేదిక అల్-ముఫ్తాహా కళాగ్రామంలో ఉంది. 2000 ఆగస్టు 11 రాత్రి ప్రసిద్ధ సౌదీ గాయకుడు తలాల్ మద్దాహ్ ఊద్ అనే తంత్రీవాద్యం చేతబట్టి పాడుతూ ఆ వేదికమీదే కుప్పకూలారు, ఆ రాత్రే కన్నుమూశారు. ఇప్పుడా వేదికకు ఆయన పేరే పెట్టారు. ఆయనలాంటి గాయకుడికి మైకు ఎంచడం తేలిక. నోరు ఒకటి, వాద్యం ఒకటి, రెండూ మైకుకు జానెడు దూరంలో. బృందగానం చిక్కు వేరు. మన ఊళ్లలో చర్చి కాయర్‌కైనా, భజన మండలికైనా, గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు ఉగాదికి కలిసి పాడుకునే పాటకైనా ఇదే చిక్కు.

నలభై అంటే మూడింతలే

ఒకరు పాడుతున్నారు. అంతే గట్టిగా పాడే రెండో మనిషి తోడయ్యాడు. శబ్దం రెట్టింపు వినిపించాలని మనం అనుకుంటాం. నిజానికి పెరిగేది 3 డెసిబెల్‌లు. చెవికి ‘కాస్త పెరిగింది’ అనిపించేంత. పదిమందైతే ఒక్కడి కన్నా 10 డెసిబెల్‌లు ఎక్కువ, నలభైమందైతే 16. పది డెసిబెల్‌ల పెరుగుదలను మన చెవి సుమారు రెండింతలుగా గ్రహిస్తుంది. ఆ లెక్కన నలభైమంది బృందం ఒంటరి గాయకుడి కన్నా మూడింతలు గట్టిగా వినిపిస్తుంది, అంతే.

కారణం రెండంచెల్లో ఉంది. శబ్దమంటే గాలిని ముందుకు నెట్టడం, వెనక్కు లాగడం. ఒకే స్వరం పట్టినా నలభైమంది గొంతుల్లో ఏ రెండూ ఒకే క్షణాన నెట్టవు, ఒకే క్షణాన లాగవు. ఒకరి శ్రుతి వెంట్రుకవాసి పైన, ఒకరిది కింద. ఒకరు పదాన్ని ముందే ఎత్తుకుంటారు, ఒకరు తర్వాత. కొన్ని తోపులు ఇంకొన్ని లాగుళ్లను రద్దు చేస్తాయి. కాబట్టి తోపులన్నీ నేరుగా కలిసిపోవు, వాటి శక్తి మాత్రమే కలుస్తుంది. ఇది మొదటి అంచె. ఆ శక్తి నలభై రెట్లయినా మన చెవి దాన్ని కుదించి వింటుంది, ఇది రెండో అంచె. చీమ నడక నుంచి పిడుగు దాకా వినాల్సిన అవయవం కనుక దానికి ఆ కుదింపు తప్పదు.

పొంతన కుదరని ఈ చిన్న చిన్న తేడాలే బృందగానానికి ఆ నిండుదనం ఇస్తాయని కూడా చెప్పుకోవాలి. నలభైమందీ అచ్చంగా ఒకేలా పాడగలిగితే అది ఒక పెద్ద గొంతులా వినిపిస్తుంది తప్ప బృందంలా వినిపించదు.

అసలు దొంగ దూరం

ఇప్పుడు దూరాన్ని లెక్కలోకి తీసుకుందాం. ఆరుబయట శబ్దం ప్రయాణించే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు పోతాయి. చేతిమైకు గాయకుడి పెదవులకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. బృందం కోసం స్టాండుమీద పెట్టిన మైకు 1 మీటరు దూరంలో ఉంది. దూరం 20 రెట్లు. అంటే బృందంలో ప్రతి మనిషి గొంతూ మైకును చేరేసరికి 26 డెసిబెల్‌లు పోగొట్టుకుంటుంది.

నలభైమంది కలిసి సంపాదించింది 16. దూరం కాజేసింది 26. అదీ కథ.

నిజానికి ఆ 16 కూడా పూర్తిగా చేతికి రాదు. రెండు వరుసల బృందం వెడల్పు తొమ్మిది మీటర్లు ఉంటే, ఒక మైకుకు బాగా వినిపించేది ఎదురుగా ఉన్న పది పన్నెండుమందే. ఆ చివరనున్నవాళ్లు దానికి దాదాపు లేనట్టే. అందువల్ల బృందం మైకుల్లో పడే శబ్దం చేతిమైకులో పడేదానికన్నా పది, పదిహేను డెసిబెల్‌లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఇద్దరినీ సమంగా వినిపించాలంటే ఆ తేడా అంతా మిక్సర్‌లో పెంచాలి. ఆ పెంచడంలోనే మోత పుడుతుంది.

*పెట్టెలో మాట: డెసిబెల్‌ను చదవడం ఎలా*

*డెసిబెల్ అనేది మీటరు, కిలో లాంటి కొలత కాదు. ‘దీనికన్నా అది ఎన్ని రెట్లు’ అని చెప్పే పద్ధతి. ఈ వ్యాసానికి మూడు అంకెలు గుర్తుంటే చాలు. 3 అంటే శక్తి రెట్టింపు. 6 అంటే మైకుకూ గాయకుడికీ మధ్య దూరం సగమైంది లేక రెట్టింపైంది. 10 అంటే చెవికి రెండింతలు. మిక్సర్ మీటల పక్కన ఉండే గీతలు కూడా ఈ అంకెలనే చూపిస్తాయి.*

మోత ఎక్కడ పుడుతుంది

స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం కొంత వేదికమీదికి తిరిగొచ్చి మైకులో పడుతుంది. మిక్సర్ దాన్ని పెంచి మళ్లీ స్పీకర్‌కు పంపుతుంది. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి శబ్దం బయలుదేరినప్పటికన్నా తగ్గి ఉంటే గొడవ లేదు. అంతే ఉన్నా, ఏ కాస్త పెరిగినా, చుట్టు చుట్టుకూ పేరుకుని ఏదో ఒక స్వరం దగ్గర కుయ్‌మంటుంది. సౌండ్ పని చేసేవాళ్లంతా ఈ గీత దాటకుండా ఎంత గట్టిగా వినిపించగలం అన్నదానితోనే సతమతమవుతుంటారు.

ఆ గీతను జరపడానికి మార్గాలు చాలా తక్కువ. గాయకుడిని మైకుకు దగ్గర చేయడం. స్పీకర్‌ను మైకుకు దూరం చేయడం. స్పీకర్ వైపు చెవుడుండే మైకు వాడటం. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య తగ్గించడం.

చివరిదాన్ని ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు. ఒక మైకు బదులు రెండు తెరిస్తే స్పీకర్ శబ్దం తిరిగి దూరడానికి రెండు దారులు ఏర్పడతాయి. మోత రాకుండా ఉండాలంటే మొత్తం మీద 3 డెసిబెల్‌లు తగ్గించుకోవాలి. నాలుగైతే 6. ఎనిమిదైతే 9. అంటే బృందం ముందు ఎనిమిది మైకులు బారులు తీర్చి పెట్టినవాడు, ఒక్కొక్క మైకును మునుపటికన్నా బాగా దగ్గరికి తీసుకురాకపోతే, చెవికి దాదాపు సగం శబ్దాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

మద్రాసు స్టూడియోల్లో 1950లలో మన సినిమా పాటలు రికార్డయిన రోజులు గుర్తు తెచ్చుకుంటే తేడా తెలుస్తుంది. గాయకులు, వాద్యబృందం, కోరస్ అందరూ ఒకే గదిలో, ఉన్న కొద్దిపాటి మైకుల ముందు. ప్రధాన గాయని మైకుకు దగ్గర, కోరస్ వెనక. ఎవరు ఎంత వినిపించాలన్నది ఎక్కువగా ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టే తేలేది. స్టూడియోలో ఆ గొంతులను తిరిగి వినిపించే స్పీకర్ లేదు కాబట్టి కోరస్‌ను ఎంత దూరం జరిపినా మోత భయం లేదు. ప్రత్యక్ష ప్రదర్శనలో దూరానికి మూల్యం చెల్లించాలి. ‘రికార్డింగ్‌లో అద్భుతంగా పట్టింది కదా’ అని స్టూడియో పద్ధతిని వేదికమీదికి తెచ్చేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

వీపు చూసి ఎంచాలి

మైకు కొనేటప్పుడు అందరూ అది దేన్ని వింటుందో అడుగుతారు. బృందగానానికి అంతకన్నా ముఖ్యం అది దేన్ని వినదో.

అన్ని వైపులా సమానంగా వినే మైకులున్నాయి. గొంతును సహజంగా పడతాయి, స్టూడియోలో ముద్దు. వేదికమీద స్పీకర్లను కూడా అంతే సహజంగా పడతాయి కాబట్టి పనికిరావు. కార్డియాయిడ్ రకం ముందువైపు బాగా, పక్కలకు కొంత తక్కువగా వింటుంది, సరిగ్గా వెనకవైపు దాదాపు చెవిటిది. సూపర్ కార్డియాయిడ్ ముందు ఇంకాస్త ఇరుకుగా వింటుంది. కానీ దానికి బాగా చెవుడుండేది నేరుగా వెనక కాదు, వెనక ఇరుపక్కలా, ముందునుంచి కొలిస్తే సుమారు 125 డిగ్రీల దగ్గర. నేరుగా వెనకనుంచి వచ్చేదాన్ని అది కొంచెం వింటుంది.

ఈ చిన్న తేడా తెలియక చాలా వేదికల్లో పొరపాటు జరుగుతుంది. గాయకులకు వినిపించడానికి నేలమీద పెట్టే మానిటర్ స్పీకర్‌ను సరిగ్గా మైకు వెనక పెడతారు. కార్డియాయిడ్‌కు అది సరైన చోటు. సూపర్ కార్డియాయిడ్‌కు కాదు, దానికి మానిటర్లు రెండు, కాస్త ఎడంగా, అటొకటి ఇటొకటి ఉండాలి. ‘ఖరీదైన మైకు తెచ్చినా మోత ఆగలేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది స్పీకర్ పెట్టిన చోటే.

హాలు లోపలైతే దిశ చూసి వినే మైకుకు ఇంకో ఉపయోగం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి లాంటి ఎత్తయిన రాతికట్టడంలో గాయకుడి నుంచి కొంత దూరం జరిగేసరికి నేరుగా వచ్చే గొంతుకన్నా గోడలూ పైకప్పూ తిప్పిపంపే శబ్దమే ఎక్కువవుతుంది. అన్నివైపులా వినే మైకు 1 మీటరు దూరంలో గొంతునూ గది మారుమోతనూ ఏ పాళ్లలో పడుతుందో, అదే పాళ్లలో పట్టడానికి కార్డియాయిడ్‌ను 1.7 మీటర్ల దూరంలో పెట్టవచ్చు. సూపర్ కార్డియాయిడ్‌ను 1.9 మీటర్ల దాకా జరపవచ్చు. ఆరుబయట ఈ లాభం లేదు, ఎందుకంటే తిప్పిపంపడానికి గోడలే లేవు. అక్కడ దిశ అవసరమయ్యేది స్పీకర్లనూ డోలునూ వెలివేయడానికే.

డైనమిక్కా, కండెన్సరా?

ఊళ్లలో మైకుసెట్టు వాళ్ల దగ్గర ఉండేవి ఎక్కువగా డైనమిక్ మైకులు. లోపల పల్చటి పొరకు సన్నటి రాగితీగ చుట్ట అతికించి, దాన్ని అయస్కాంతం మధ్య కదిలేలా అమరుస్తారు. పొర కదిలితే కరెంటు పుడుతుంది. కింద పడినా, తడిసినా ఓర్చుకునే రకం. ప్రపంచమంతటా గాయకుల చేతుల్లో కనిపించే షూర్ ఎస్ఎం58 ఈ జాతిదే. 1966లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతోంది.

కండెన్సర్ మైకులో తీగచుట్ట ఉండదు. విద్యుదావేశం ఉన్న రెండు పలకల మధ్య వెంట్రుక మందంకన్నా సన్నటి సందు. అందులో ఒక పలక పల్చటి పొర. అది కదిలితే సందు మారి, దానితోపాటు వోల్టేజీ మారుతుంది. బెల్ సంస్థ పరిశోధకుడు ఇ.సి. వెంట్ 1916లో దీన్ని రూపొందించారు. 1962లో బెల్ ల్యాబ్స్‌లోనే గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ శాశ్వతంగా ఆవేశం నిలిచి ఉండే ప్లాస్టిక్ పొరను మైకులో పెట్టి, ఈ రకాన్ని చిన్నదిగా, చవకగా మార్చారు. సెల్‌ఫోన్ల దాకా వచ్చింది ఆ పొర చలవే.

బృందానికి కండెన్సర్ ఎందుకు నప్పుతుందో రెండు కారణాలు. మొదటిది, దాని పొరకు తీగచుట్ట బరువు లేదు. మీటరు దూరంనుంచి నీరసంగా వచ్చే సన్నటి ధ్వనులను, ‘స’, ‘త’ లాంటి హల్లుల అంచులను అది చురుగ్గా అందుకుంటుంది. పదం అర్థమయ్యేది ఆ అంచుల వల్లే. రెండోది, అదే శబ్దానికి అది డైనమిక్ మైకుకన్నా ఆరేడు రెట్లు ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. మిక్సర్ తక్కువ శ్రమపడుతుంది, బుస్సుమనే రొద తగ్గుతుంది.

పైగా చేతిమైకులను పెదవులకు ఆనించి పాడతారని తెలిసే తయారుచేస్తారు. దిశ చూసి వినే మైకు దగ్గరైతే మంద్రస్వరాలు ఉబ్బుతాయి. దానికి విరుగుడుగా వాటిలో మంద్రాన్ని ముందే కొంత కోసేస్తారు. అలాంటి మైకును మీటరు దూరంలో పెడితే ఉబ్బు రాదు, కోత మాత్రం మిగులుతుంది. నలభైమంది మగగొంతులు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు పలచబడటానికి సగం కారణం ఇదే.

ఇక్కడ ఒక అపోహను వదిలించాలి. ‘కండెన్సర్ దూరంనుంచి లాగుతుంది, అందుకే ఎక్కువ కూస్తుంది’ అంటారు. మైకు దేన్నీ లాగదు. దానికి వోల్టేజీ ఎక్కువ కాబట్టి అదే మీట దగ్గర శబ్దం ఎక్కువ వస్తుంది. మీట తగ్గిస్తే సరిపోయె. మోత వచ్చే గీతను నిర్ణయించేది దూరం, దిశ, మైకు ఏ స్వరాన్నీ ప్రత్యేకంగా ఎత్తి చూపకుండా ఉండటం. కండెన్సర్‌కు మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కావాలన్నది మాత్రం నిజం. ఆ బొత్తాం లేని పాత మిక్సర్‌తో అది నోరు విప్పదు.

రెండు మైకులు, ఒక నోరు

మైకులు పెరిగితే మోతే కాదు, ఇంకో నష్టం కూడా ఉంది. ఒక గాయకుడి గొంతు రెండు మైకుల్లో పడిందనుకోండి. ఒకదానికి కాస్త దగ్గర, ఇంకోదానికి 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరం. శబ్దం ఆ దూరం దాటడానికి సెకనులో వెయ్యోవంతు పడుతుంది. మిక్సర్‌లో ఆ రెండూ కలిసేటప్పుడు ఒకటి వెనకబడి ఉంటుంది.

ఉయ్యాలను ఇద్దరు ఊపుతున్నారు అనుకోండి. ఇద్దరూ ఒకే అదనులో తోస్తే ఉయ్యాల ఎత్తుకు లేస్తుంది. ఒకడు తోసే అదనులో ఇంకొకడు ఎదురుతోస్తే ఆగిపోతుంది. వెయ్యోవంతు సెకను ఆలస్యంలో కొన్ని స్వరాలకు అదను కలుస్తుంది, కొన్నిటికి సరిగ్గా ఎదురవుతుంది. ఈ ఉదాహరణలో సెకనుకు 500 కంపనాల దగ్గర, తర్వాత 1500, 2500 దగ్గర గొంతు చచ్చుబడిపోతుంది. మాట స్పష్టతకు ఆధారమైన చోటే దువ్వెన పళ్లలా సందులు పడతాయి. పాడేవాళ్లు అడుగులేస్తూ కదులుతుంటే ఆ సందులు కూడా అటూ ఇటూ జరుగుతూ పాట ఊగిసలాడుతుంది.

సౌండ్ పనివాళ్లు దీనికి పాటించే నియమం సులువైంది: మైకుకూ గాయకుడికీ మధ్య ఎంత దూరముందో, మైకుకూ మైకుకూ మధ్య దానికి మూడింతలు ఉండాలి. అప్పుడు పక్క మైకులో పడే గొంతు 9 డెసిబెల్‌లకు పైగా తగ్గిపోయి సందులు లోతుగా పడవు. మైకులు 1 మీటరు దూరంలో ఉంటే వాటి మధ్య 3 మీటర్లు. తొమ్మిది మీటర్ల వెడల్పు బృందానికి ఎన్ని మైకులో ఇక ఎవరైనా చెప్పగలరు. మూడు. ఒక్కో మైకు కింద పదమూడు, పద్నాలుగుమంది. పదిహేను ఇరవైమందికి ఒక మైకు అన్న వాడుక లెక్కకూ ఇది సరిపోతుంది.

అభా గాలి మాయలు

అభా సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది, మన అరకులోయకు రెండింతలకు పైగా. గాలి ఒత్తిడి సముద్రతీరంలోకన్నా నాలుగోవంతు దాకా తక్కువ. ‘గాలి పల్చన కదా, శబ్దం నెమ్మదిగా వెళ్తుందేమో’ అన్న అనుమానం సహజం. వెళ్లదు. శబ్దవేగాన్ని మార్చేది ఒత్తిడి కాదు, ఉష్ణోగ్రత. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, ఒక్కో డిగ్రీ తగ్గితే సుమారు 0.6 మీటరు తగ్గుతుంది. సముద్రతీరపు జెద్దాలోనైనా కొండమీది అభాలోనైనా అంతే.

పల్చని గాలి చేసేది వేరు. గొంతుకూ స్పీకర్‌కూ నెట్టడానికి దొరికే గాలి తక్కువ కాబట్టి అదే శ్రమకు శబ్దం ఒకటి రెండు డెసిబెల్‌లు తగ్గుతుంది. ఆంప్లిఫయర్లను చల్లార్చే గాలి కూడా పల్చనే కాబట్టి అవి కాస్త త్వరగా వేడెక్కుతాయి. ఇవి చిన్న విషయాలు. వీటికోసం మైకు మార్చనక్కర్లేదు.

పెద్ద విషయం కొండగాలి. వేసవిలో రియాద్ 43, 44 డిగ్రీలతో ఉడుకుతుంటే అభాలో 30 దాటితే ఎండ అన్నట్టు. అందుకే జనం అక్కడికి వస్తారు, అందుకే ఉత్సవాలు వేసవిలో. కానీ ఆ చల్లదనంతోపాటే సాయంత్రాల్లో గాలీ, మబ్బూ, ఒక్కోసారి జల్లూ వస్తాయి. గాలి మైకు జాలీకి తగిలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులను మైకు శబ్దంగానే లెక్కగట్టి గుప్పుగుప్పుమని వినిపిస్తుంది. విచిత్రమేమిటంటే మోతను తప్పించడానికి మనం ఎంచుకున్న దిశ చూసే మైకులే గాలికి ఎక్కువ బెదురుతాయి. అవి ముందూ వెనకల మధ్య ఒత్తిడి తేడాను కొలిచి దిశ తెలుసుకుంటాయి. సుడిగాలిలో ముందూ వెనకా ఒకదానితో ఒకటి పొంతన లేకుండా మారతాయి.

కాబట్టి మైకుతోపాటే తొడుగూ కొనాలి. స్పాంజి తొడుగు పిల్లగాలికి చాలు. కొండమీద బొచ్చు తొడుగు అవసరం. దాని పోగులు గాలివేగాన్ని పొరకు దూరంగానే విరుస్తాయి. మిక్సర్‌లో 100 కంపనాలకు కిందివన్నీ కోసేసే మీట నొక్కాలి. మగగొంతుకు అంతకన్నా కింద పెద్దగా పనిలేదు, గాలి గుప్పుగుప్పులో ఎక్కువ భాగం అక్కడే ఉంది. సన్నటి తీగలతో పైనుంచి వేలాడదీసే మైకులు హాళ్లలో కంటికి కనబడకుండా బాగుంటాయి. ఆరుబయట ఉయ్యాలలూగుతాయి. వద్దు.

తేమ సంగతి కూడా ఉంది. కండెన్సర్‌లోని ఆ సన్నటి సందులో మంచుతేమ చేరితే ఆవేశం కారిపోయి చిటపటమంటుంది. చల్లటి కారులోంచి తీసి వెంటనే తేమగాలిలో పెడితే ఇది ఖాయం. మైకులను ముందుగానే బయటి గాలికి అలవాటు చేయడం, పెట్టెలో తేమ పీల్చే సిలికా గుళికల పొట్లం ఉంచడం అలవాటుగా పెట్టుకోవాలి.

సౌండ్ చెక్ వేళను కూడా గాలే నిర్ణయిస్తుంది. సౌదీలో కార్యక్రమాల వేళలు నమాజు వేళల చుట్టూ అల్లుకుంటాయి, సౌండ్ చెక్ చాలాసార్లు మగ్రిబ్‌కు, అంటే సూర్యాస్తమయ నమాజుకు ముందే ముగుస్తుంది. అప్పటికి నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, శబ్దం పైకి వంగుతుంది. పాట మొదలయ్యేది రాత్రి. కొండల్లో నేల త్వరగా చల్లారుతుంది, ఆ చల్లటి పొర మీదుగా వెళ్లే శబ్దం కిందికి వంగి దూరంగా సాగుతుంది. సాయంత్రం చివరి వరుసకు చాలదనిపించిన శబ్దం రాత్రికి సరిపోవచ్చు. సాయంత్రమే మీటలు చివరిదాకా తోసేసినవాడికి రాత్రి ఇబ్బంది.

*పెట్టెలో మాట: లక్షమంది పాడితే?*

*2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్ర నిర్వహించిన లక్ష గళ సంకీర్తనార్చనలో లక్షమందికి పైగా అన్నమయ్య కీర్తనలు కలిసి పాడారు. ఇలాంటి చోట చిక్కు శబ్దం చాలకపోవడం కాదు, ఆలస్యం. మైదానంలో 340 మీటర్ల దూరం శబ్దానికి ఒక సెకను. ముందున్నవాళ్ల గొంతు విని పాడితే వెనకవాళ్లు తాళం తప్పుతారు. జనం గొంతులకు మైకు అక్కర్లేదు, నడిపించే గాయకులకు దగ్గరి మైకు, ఆ గొంతు అందరికీ అందేలా మైదానమంతటా స్పీకర్లు కావాలి. తొమ్మిది మీటర్ల ఖత్వా వరుసలో ఈ చివరినుంచి ఆ చివరికి ఆలస్యం సెకనులో నలభయ్యోవంతే. డోలూ, పక్కవాడి భుజం కదలికా దాన్ని సర్దేస్తాయి.*

అయితే ఏం పెట్టాలి

ఖత్వా బృందానికి నేనైతే ఇలా పెడతాను. చరణం అందించే గాయకుడికి డైనమిక్ చేతిమైకు. వరుసలకు మూడు చిన్నపొర కండెన్సర్లు, కార్డియాయిడ్ రకం, బొచ్చు తొడుగులతో, ఎత్తయిన స్టాండుల మీద. ముందువరుసకు ముక్కాలు మీటరు ముందు, వాళ్ల తలలకన్నా ముక్కాలు మీటరు ఎత్తున, చూపు వెనకవరుస నోళ్ల వైపు. అలా వాలిస్తే ముందువరుసకూ వెనకవరుసకూ దూరంలో తేడా తగ్గుతుంది. చూపు ముందువరుస మీద పెడితే నలుగురైదుగురు గట్టి గొంతులవాళ్లే బృందమైపోతారు.

డోలును మైకుల వీపు వైపుకు, అంటే ప్రేక్షకుల వైపు ఒక పక్కకు జరపగలిగితే సగం పని అయినట్టే. ఆ డోలుకు వేరే మైకు పెట్టాలనే కోరికను అణచుకోవాలి. అది ఎలాగూ అన్నిటిలోనూ పడుతుంది. మానిటర్లలోకి బృందం మైకులను అస్సలు పంపకూడదు. ఆ వరుసలకు వినపడాల్సింది చరణం అందించే గొంతు, లయ. తమ గొంతు తమకు వినిపిస్తూనే ఉంటుంది.

మనిషికొక బట్టమైకు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నలభై మైకులు తెరిస్తే ఏమవుతుందో పైన చూశాం, 16 డెసిబెల్‌లు గోవిందా. అసీర్ మగవాళ్లు ఉత్సవ వేషంలో తలకు పూలదండ చుట్టుకుని, నడుముకు జంబియా కత్తి దోపుకుంటారు. బట్టకు గుచ్చిన మైకులో పాటకన్నా ఆ పట్టీలూ గుడ్డలూ రాసుకునే చప్పుడే ఎక్కువ పడే ప్రమాదం ఉంది.

అందరూ ఒకే వరస పాడే పాటకు ఈ అమరిక. చిత్తూరులో పుట్టి మద్రాస్ యూత్ కాయర్‌ను నడిపించిన ఎం.బి. శ్రీనివాసన్ తరహాలో ఒక్కో గుంపు ఒక్కో స్వరం పట్టే బృందగానమైతే మైకులను వెడల్పు చూసి కాక, గుంపులను చూసి పంచాలి. ప్రతి గుంపుకూ ఒకటి. గుంపుల మధ్య కాస్త ఎడం ఉంచితే మూడింతల నియమం దక్కుతుంది. బలహీనంగా ఉన్న గుంపుకు మైకు పెంచడం కన్నా వాళ్లను ఒక అడుగు ముందుకు రమ్మనడం చవక.

డబ్బు ఖర్చు లేని ఇంకో ఉపాయం, వరుసలను మైకుల చుట్టూ విల్లులా కొద్దిగా వంచమని అడగడం. చివరలవాళ్లు మీటరు ముందుకొస్తే వాళ్ల గొంతూ మధ్యవాళ్ల గొంతూ సమమవుతాయి. కాయర్‌వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. ఖత్వా పెద్దలు ఒప్పుకోకపోవచ్చు, తాడు పట్టి గీసినట్టున్న వరుస ఆ ఆటకు ప్రాణం. అప్పుడు వాదించకుండా నాలుగో మైకు పెట్టండి. అందుకు వదులుకోవాల్సింది ఒక డెసిబెల్ చిల్లర.